వెతికిపెట్టేది ఎవరి సొత్తు?

"రైలు మిల్లులో పనిచేసినన్నాళ్ళూ ఆ పట్టాలు నావని ఏనాడూ అనుకోలేదు. జీతం తీసుకున్నాను, లెక్క తీరిపోయింది. మీరు జీతం లేకుండా చేస్తున్నారు. మరి మీ లెక్క ఎలా తీరుతుంది?" అన్నాడు మావయ్య.

భిలాయి సెక్టర్ 4లో ఆయన లీజుకు తీసుకున్న క్వార్టరులోనే, ముందు గదిలోని పాత డెస్క్‌టాప్‌లో యాసీ నడుపుతున్నాను. మైకేల్ క్రిస్టెన్ అనే జర్మన్ 2003లో మొదలుపెట్టిన సెర్చ్ ఇంజన్ అది. దానికి అన్నీ దాచే ఒక పెద్ద సర్వర్ ఉండదు. నడిపేవాళ్ళ కంప్యూటర్లే పేజీలను చదివి, సూచిక కట్టుకుని, ఒకదానికొకటి పంచుకుంటాయి. నేను పెట్టుకున్న పని చిన్నది. మన ఊరి పేరును భిలాయి అని కొందరు, భిలాయ్ అని కొందరు, భిలై అని ఇంకొందరు రాస్తారు. మూడూ ఒకటేనని యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఇల్లు అని వెతికినవాళ్ళకు ఇంటికి, ఇళ్ళల్లో అని ఉన్న పేజీలూ దొరకాలి. అలాంటి మాటల జాబితా కడుతూ, దల్లీ రాజహరా, బోరియా గేటు లాంటి చోట్ల పేర్లు మనవాళ్ళు ఎన్ని రకాలుగా రాస్తారని ఆయన్ని అడిగాను. జవాబుగా వచ్చిందే పైన చెప్పిన ప్రశ్న.

"జీతం లేదు కాబట్టే మాది అంటున్నాం మావయ్యా. కొనుక్కున్నవాడు ఎవడూ లేడు కదా."

"అనడానికేం. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో వెలిగింది. ఈ ఉక్కు ప్లాంటు ప్రజల సొత్తని వింటూనే పెరిగాం. అబద్ధమనను, ఈ ఆస్పత్రీ బడులూ అలా వచ్చినవే. కానీ ఏ పని ముందు, ఏది తర్వాత అని సెక్టర్ 4 వాళ్ళని పిలిచి అడిగినవాళ్ళు లేరు. ప్రజలది అన్నప్పుడు, ఆ ప్రజలు ఏ బల్ల దగ్గర కూర్చుంటారో కూడా చెప్పాలమ్మా."

నేను డీమాజ్ సంగతి చెప్పాను. 1998లో మొదలైన వెబ్‌సైట్ల పట్టిక అది. 90 వేల మందికి పైగా సంపాదకులు, అందరూ స్వచ్ఛందంగానే, ఏళ్ళ తరబడి దాన్ని దిద్దారు. యాజమాన్యం మాత్రం ఏఓఎల్ అనే కంపెనీది. 2017 మార్చిలో ఆ కంపెనీ దాన్ని మూసేసింది.

"చూశావా! పెరట్లో మామిడి చెట్టు నేను నాటిందే. క్వార్టరు లీజుకు రాకపోయుంటే రిటైరైన రోజున దాన్ని వదిలేసి పోయేవాణ్ణి."

"చెట్టు వదిలేసినా టెంక పట్టుకుపోవచ్చు. ఆ పట్టికను ఎవరైనా వాడుకునే వీలుండేది. అందుకే పాత సంపాదకులు దాన్నే కర్లీ అన్న పేరుతో మళ్ళీ నిలబెట్టారు. యాసీ కూడా అంతే. నచ్చకపోతే మొత్తం కాపీ చేసుకుని వేరే నడుపుకోవచ్చు."

మావయ్య కాసేపు ఆలోచించాడు. "టెంక పట్టుకుపోవడం వెళ్ళిపోయేవాడి హక్కు. ఉండేవాడి హక్కేది?"

ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. స్వేచ్ఛా లైసెన్సులన్నీ వెళ్ళిపోయే దారిని జాగ్రత్తగా కాపాడతాయి. అది చాలా గొప్ప సంగతి, దానికోసం కొట్లాడినవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. అయితే లోపల ఉండి ఒక మాట చెబితే, దాన్ని వినితీరాలని ఏ లైసెన్సూ అనదు.

"వెతికితే ఏది ముందు రావాలో తేల్చేదెవరు?" అని అడిగాడు.

"ఎవరి కంప్యూటర్లో వాళ్ళు మార్చుకోవచ్చు."

"అయితే ఒకరితో ఒకరికి పనే లేదు. ఇక ఉమ్మడి ఎక్కడుంది?"

ఉమ్మడిగా దిద్దే ప్రయత్నమూ ఒకటి జరిగింది. వికీపీడియా స్థాపకుల్లో ఒకడైన జిమ్మీ వేల్స్ 2008లో వికియా సెర్చ్ తెరిచి, ఫలితాలను దిద్దే అవకాశం వాడేవాళ్ళకే ఇచ్చాడు. చాలినంత మంది రాక మరుసటి ఏడే మూతపడింది. తలుపు తీసి ఉంచితే చాలదని అప్పుడే తేలింది. అవసరం ఉన్నవాళ్ళే వచ్చి కూర్చుంటారు. ఇక్కడి మనవాళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ చదువుతారు, ఫోన్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. వాళ్ళు ఏం వెతుకుతున్నారో దూరాన ఉన్న ఏ ఇంజనీరుకు తెలుస్తుంది? ఆ తెలివిడి సెక్టర్ 4ది. కాబట్టి ఆ జాబితా మీద మాట కూడా సెక్టర్ 4కే ఉండాలని నా పట్టుదల.

"నేను చెబుతాను, రాసుకో," అన్నాడు మావయ్య. "నా పేరు వద్దు. రేపు ఎవరైనా వచ్చి నేను చెప్పింది తప్పంటే మాత్రం, కొట్టేసే ముందు నన్ను అడగాలి. నేను లేకపోతే ఈ వీధిలో ఇంకొకర్ని అడగాలి. అది ఎక్కడ రాస్తావు?"

జాబితా ఫైలులో మొట్టమొదటి వరుసగా అదే రాశాను.

"చదువు," అన్నాడు. చదివాను. "'ఇంకొకర్ని' అంటే సరిపోదు, ఇద్దర్ని అను," అన్నాడు.