కాకి వాలని కొండ, కొంగ వాలిన చెరువు

నరసరావుపేటకు చేరువనున్న కోటప్పకొండపై కాకి వాలదని మా పల్నాటి పెద్దలు చెప్పుదురు. త్రికూటేశ్వరస్వామి సేవకై ఆనందవల్లి యను గొల్లభామ కొండపైకి నీరు మోసికొనిపోవుచుండగా, ఒక కాకి కడవపై వాలి ఆ నీటిని ఒలకబోసినదట. సేవకు భంగము కలిగించిన కాకిజాతి ఇక నీ కొండకు రాకూడదని ఆమె శపించినదట. ఈ కథను బాల్యమునుండి వినుచున్నాను. దాని భావము మాత్రము, చేత కెమెరా పట్టుకొని ఒక చెరువుగట్టున నిలిచిన దినమున గాని నాకు బోధపడలేదు.

పల్నాడు రాతినేల. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వచ్చిన పిమ్మట ఈ నేలలో చాలాచోట్ల వరిమళ్ళు వెలసినవి. నీరున్న చోటికి పక్షి రాకమానదు గదా! తెల్లకొంగలు, నత్తలను ఏరుకొని తిను గుల్లకొంగలు, రెక్కలు చాచి ఎండలో ఆరబెట్టుకొను నీటికాకులు మన చేలలోను, చెరువులలోను కనిపించును. గుంటూరు సమీపమునందలి ఉప్పలపాడు చెరువులలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్లపై గుంపులుగా గూళ్ళు కట్టుట చూచుటకు దూరప్రాంతములవారును వత్తురు. వారిలో చాలమంది చేతులలో కెమెరాలుండును.

కెమెరా యంత్రము గదా, ఎదుట నున్నదానిని ఉన్నట్లు దింపుకొనును, అందు కల్పన యేమున్నదని కొందరడుగుదురు. శిల్పి రాతిని తాకుటకు ముందు ధ్యానశ్లోకమునందలి మూర్తిని మనస్సున నిలుపుకొనును. ఛాయాచిత్రకారుడును అట్లే ఏ వెలుగు, ఎంత దూరము, ఏ క్షణము, దేనిని చూపవలెను, దేనిని విడువవలెను అని ముందుగా తనలోపల చూచుకొనును. తెల్లవారుజామున నారాయణపక్షి నీటిలో కదలక నిలిచియుండును. గాలి ఆగినపుడు దాని క్రింద మరియొక పక్షి తలక్రిందులుగా కనబడును. చిన్న అల లేచినచో ఆ రెండవ పక్షి ముక్కలగును. మొదటిదానికేమియు కాదు. బింబప్రతిబింబములను గూర్చి వేదాంతులు చెప్పు మాట ఇచట కంటికి కట్టును. దానిని చూపగలిగిన చిత్రమును నకలు అనరాదు. అది మననము.

ఇంతవరకు చెప్పినది కళను గూర్చి. ఇక నా తప్పును గూర్చి చెప్పవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చెరువులోని తుమ్మచెట్లపై కొంగలు గూళ్ళు కట్టుకొని పొదుగుచుండెను. అవి ఒక్కసారిగా ఆకాశమున కెగయు చిత్రము కావలెనని నా కోరిక. ఒక గంట వేచితిని. అవి ఎగురలేదు. ఓర్పు నశించి గట్టిగా చప్పట్లు చరచితిని. తెల్లని రెక్కలతో చెరువంతయు లేచినట్లయినది. వరుసగా చిత్రములు తీసితిని. ఇంటికి వచ్చి చూడగా, అన్నిటిలో అందమైన చిత్రమున ఒక మూల చిన్న నల్లని మచ్చ కనబడినది. పెద్దది చేసి చూచితిని. అది ఒక కాకి. దాని ముక్కున గ్రుడ్డున్నది.

ఆ మూలను కత్తిరించి చిత్రమును నలుగురికి చూపితిని. అందరును మెచ్చుకొనిరి.

పొగడ్త విన్న ఆ రాత్రియే ఆనందవల్లి కథ జ్ఞప్తికి వచ్చినది. గూటిలో కదలక కూర్చుండి గ్రుడ్లను పొదుగుచున్న ఆ తల్లిది సేవ కాదా? ఆ కడవను ఒలకబోసినదెవరు? చెట్టుమీది కాకి తన ఆకలి కొలది నడచుకొన్నది. నాకే ఆకలియు లేదు. ఆనాటి కాకిని నేనే.

కపటభక్తిని మనము కొంగజపమందుము. ఒంటికాలిపై నిలిచి, కన్నులు మూసినట్లుండి, చేపకై పొంచియుండునని దానిని నిందింతుము. గట్టుమీద ఊపిరి బిగబట్టి, ఒక కన్ను మూసి, పొగడ్తకై పొంచియున్న నన్ను ఆ కొంగ యేమనవలెను? ఏకాగ్రత ఒక్కటే ధ్యానమగుననుకొంటిని. వేటగానికిని ఏకాగ్రత కలదు. ధ్యానించువాడు తాను ధ్యానించు రూపమునుండి దేనిని లాగుకొనడు. అదియే భేదమని ఆలస్యముగా తెలిసినది.

అయినచో చిత్రములు తీయుట మానవలెనా? అక్కరలేదు. నీటిపక్షిని ఎన్నడును దగ్గరగా చూడనివారికి దానిపై మమకారము కలిగించునది పెక్కుమార్లు ఒక మంచి చిత్రమే. కాని ఆ చిత్రము పక్షి ఇచ్చినదై యుండవలెను. మండుటెండలో కొంగ తన రెక్కలు విప్పి పిల్లలకు నీడ పట్టును. మన అడుగుల సవ్వడికి అది లేచిపోయినచో, ఆ కొద్దిసేపటి ఎండకే ఈకలు రాని పసికూన సొమ్మసిల్లవచ్చును. కనుక గూళ్ళ కాలమున దూరముగా ఉండుట మేలు. పక్షి మెడ నిక్కించి మనవైపు చూచినదనగా మనము హద్దు దాటితిమని అర్థము. అప్పుడు వెనుకకు జరుగుటయే మర్యాద.

కోటప్పకొండపై స్వామి దక్షిణామూర్తి స్వరూపుడని స్థలపురాణము. ఆయన బోధ మౌనము. ఇప్పుడు నేను చెరువుగట్టున కూర్చుండి ఆ మౌనమునే అభ్యసించుచున్నాను. కొన్ని దినములు ఒక్క చిత్రమైనను లేక తిరిగివత్తును. దర్శనము మాత్రము ఏనాడును తప్పలేదు.

ఆ పాత చిత్రమును మరల పూర్తిగా, మూలనున్న కాకితో సహా అచ్చు వేయించి ఇంటి గోడకు తగిలించితిని. చూచినవారు, ఆ మచ్చను తీసివేసిన బాగుండెడిది గదా అందురు. అది ఉండవలసినదే అని చెప్పుదును.