ఒకే కాగితం

తండ్రి దాచుకున్నదాన్ని ఆయన పోయాక పిల్లలు బయటపెట్టొచ్చా? పెట్టకూడదంటారు మా బంధువుల్లో సగం మంది. చనిపోయినవాళ్ళ పరువు బతికున్నవాళ్ళ చేతిలో అమానత్ అంటారు. అమానత్‌ను కాపాడాలని మేమూ ఒప్పుకుంటాం. కానీ ఆయన మాకు అప్పగించి వెళ్ళింది పరువునా, భయాన్నా? మా పేచీ అక్కడే.

మా అబ్బా రెండో ప్రపంచయుద్ధంలో సిపాయి. మాకు తెలీదు. మా మూలం దూదేకుల. అదీ తెలీదు. మేం పఠాన్లమనే పెరిగాం. కాబూల్ నుంచి గుర్రాలెక్కి వచ్చిన రక్తమని విని పొంగిపోయాం. ఇంట్లో ఉర్దూనే మాట్లాడాలి. ‘నాయనా’ అంటే ఆయన పలికేవారు కాదు. పల్లె నుంచి ఎప్పుడన్నా మా జేజి వస్తే, చుట్టాల ముందు ఆమెకు చెవుడని చెప్పేవాళ్ళు. ఆమెకు చెవుడు లేదు. ఉర్దూ రాదు, అంతే.

మా పెద్దన్న మనవరాలు కాలేజీ సీటు కోసం కులపత్రం అడగడంతో కదిలింది ఇదంతా. 2007 చట్టం ముస్లింలలో వెనకబడిన 14 వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. సయ్యద్, మొగల్, పఠాన్‌లను పక్కన పెట్టింది. దూదేకులవాళ్ళు 1970 నుంచే బీసీ-బీలో ఉన్నారు. కర్నూలు జిల్లా పల్లెలో పరుపులు కుట్టుకునే మా చాచా పిల్లలకు ఆ పత్రం ఉంది. ఒకే తాత మనవళ్ళకు రెండు కులాలెట్లా వచ్చాయని పిల్ల అడిగింది.

వెతికితే చాచా ఇంటి అటక మీద, దూదేకే విల్లు పక్కన, రేకుపెట్టెలో దొరికింది అబ్బా డిశ్చార్జి కాగితం. మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్. 1942లో బెంగుళూరులో భర్తీ. బర్మా రంగం. 1946లో విడుదల. తరగతి: మద్రాసీ ముసల్మాన్. తండ్రి పేరున్న గడిలో, పేరుకు ముందు, ‘దూదేకుల’. కాగితం కింద రెండు పతకాలు. 1939-45 స్టార్, బర్మా స్టార్.

బర్మాలో సాపర్ల పని తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. బురదలో రోడ్లు వేయాలి, మందుపాతరలు ఏరాలి, నదులకు వంతెనలు కట్టాలి. చింద్విన్ నది మీద కలేవా దగ్గర 1944 డిసెంబరులో వేసిన బెయిలీ వంతెన పొడవు 1154 అడుగులు. రంగూన్ అవతల తౌక్యన్‌లోని స్మారకం మీద సమాధి కూడా దొరకని దాదాపు 27 వేల మంది పేర్లున్నాయి. అట్లాంటి చోటి నుంచి తిరిగొచ్చిన మనిషి, పిల్లలకు ఒక్క ముక్క చెప్పలేదు.

తెల్లవాడి సైన్యంలో పనిచేశానని సిగ్గుపడ్డారేమో అనుకున్నాం మొదట. 1945-46లో ఎర్రకోట విచారణలతో ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళు వీరులయ్యారు. మన హైదరాబాదు ఆబిద్ హసన్ నేతాజీ పక్కన ఉన్నాడు. ఇటువైపు నిలబడ్డవాళ్ళు కూలికి పోరాడినవాళ్ళుగా మిగిలారు. ఇదీ ఒక కారణమే కావచ్చు. అసలు కారణం ఆ కాగితంలోనే ఉంది. సైనికుడిగా చూపించుకోవాలంటే ఆ కాగితం చూపాలి. కాగితం చూపితే ఆ గడి కనబడుతుంది. అందుకే మాజీ సైనికుడికి దక్కేవేవీ ఆయన అడగలేదు. యుద్ధాన్నీ వింటినీ కలిపి తమ్ముడింటి అటక మీద పెట్టి, ‘ఖాన్’ అయి పట్నానికొచ్చారు.

ఖానే ఎందుకయ్యారు? ఆ సైన్యం మనుషులను యోధజాతులుగా, కానివాళ్ళుగా పంచి చూసేది. పఠాన్ యోధుడు. దూది ఏకేవాడు ఎందులోనూ లేడు. యుద్ధానికి 25 లక్షల మంది కావాల్సొచ్చాకే ఆ గీత సడలింది. ఎవరి విలువ ఎంతో అబ్బా అక్కడ బాగానే నేర్చుకున్నారనిపిస్తుంది. ఇంటికొస్తే మనవాళ్ళూ అదే పాఠం చెప్పారు. మసీదులో ఒకే సఫ్‌లో భుజం కలుపుతాం. సంబంధం మాటొస్తే హడ్డీ అడుగుతాం. మీలో కులాల్లేవుగా అని మెచ్చుకునే సెక్యులర్ మిత్రులారా, మీరూ కాస్త వినండి.

ఇప్పుడు మా ఇంటి కుర్రాళ్ళు పతకాలకు ఫ్రేము కట్టిద్దామంటున్నారు. 1992 నుంచి టీకొట్టు దగ్గర, క్రికెట్ మ్యాచి దగ్గర దేశభక్తి రుజువు అడిగేవాళ్ళకు చూపిద్దామంటున్నారు. ఆ ఉక్రోషం మాకు తెలీనిది కాదు. కానీ 2019 మేలో అస్సాంలో, ముప్పై ఏళ్ళు భారత సైన్యంలో పనిచేసిన మహమ్మద్ సనావుల్లాను విదేశీయుడని నిర్బంధ కేంద్రంలో పెట్టారు. హైకోర్టు బెయిలిచ్చాక జూన్‌లో బయటికొచ్చాడు. పతకం ఎంతవరకు కాపాడుతుందో చూశాం. కాపాడుతుందనే అనుకుందాం. మరి యుద్ధానికి పోని మా చాచా మాటేమిటి? జీవితమంతా ఊరివాళ్ళ పరుపులకు దూది ఏకి, పెనుకొండ బాబయ్యకు మొక్కి, తెలుగులోనే ఏడ్చి తెలుగులోనే నవ్విన ఆ మనిషికి ఈ నేల మీద హక్కు ఒక పాలు తక్కువా?

పతకం గోడ మీద, విల్లు అటక మీద. ఇది మాకు సమ్మతం కాదు.

మూలం చెప్తే ‘మీరు మారినవాళ్ళే కదా, తిరిగి రండి’ అనేవాళ్ళుంటారని పెద్దన్న భయం. ఉంటారు. కాబూల్ కథ చెప్తే ‘అక్కడికే పొండి’ అనేవాళ్ళూ వాళ్ళే. వాళ్ళ కోసం తాతను మార్చుకోలేం.

అబ్బా మీద మాకు కోపం లేదు. ఆ మౌనం ఆయన్ను కాపాడినంతకాలం అది ఆయన సొంతం. కానీ ఆ మౌనం ఖరీదు ఆయనొక్కడే కట్టలేదు. జేజి చెవిటిదైంది. మా ఇంటి ఏ నికాహ్‌కూ చాచాకు పిలుపు లేదు. ఇప్పుడు పిల్ల చదువు దాకా వచ్చింది. ఒకరి గుట్టు ఇంకొకరిని గుమ్మం బయట నిలబెడుతుంటే, దాన్ని అమానత్ అనడానికి మాకు నోరు రావడం లేదు.

చాచా పెద్దకొడుకు కాగితం నకలు తీసిచ్చి, సాక్షిగా వస్తానన్నాడు. దరఖాస్తు సిద్ధంగా ఉంది. పెద్దన్న ఇంకా సంతకం పెట్టలేదు.