నిద్రలో నడిచేవాడికి దారి

బాబ్‌కి మన మాట వినపడదు. నిద్రలో నడుస్తుంటాడు మరి. తిన్నగా పోతాడు, ఏదైనా అడ్డొస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుగా తిరిగి మళ్ళీ తిన్నగా పోతాడు. మేడ అంచు వచ్చినా ఆగడు. డెన్మార్క్‌లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై 2014లో విడుదలైన ‘బ్యాక్ టు బెడ్’ అనే వీడియో గేమ్‌లో మన పని ఇతన్ని క్షేమంగా మంచం దాకా చేర్చడం.

అయితే మన చేతిలో ఉండేది బాబ్ కాదు, సుబాబ్. నాలుగు కాళ్ల జంతువు, ముఖం మాత్రం అచ్చం బాబ్‌దే; అతని మనసు అడుగున ఉండే కాపలాదారు. పెద్ద ఆకుపచ్చ ఆపిల్‌ను తెచ్చి దారిలో పెడితే బాబ్ పక్కకి తిరుగుతాడు. ఖాళీ ఉన్నచోట చేపను వంతెనగా వేస్తే దాని మీదుగా దాటిపోతాడు. ఆపిల్‌ను ఒక్క గడి అటూ ఇటూగా పెట్టామా, అంచు దాటి పడిపోయి మళ్ళీ మొదటికొస్తాడు. అయినా అతని మీద కోపం రాదు. అతను తన పద్ధతి తప్పలేదు, మనమే దారి సరిగ్గా వేయలేదు. 1991 నాటి ‘లెమ్మింగ్స్’ ఆటలోనూ రుచి ఇదే: నడిచేవాణ్ణి వదిలేసి నడిచే నేలను సరిచేయడం.

చుట్టూ ఉన్న లోకం చిత్రకారులు డాలీ, మాగ్రిట్, ఎషర్‌ల బొమ్మల్లోంచి లేచొచ్చినట్టుంటుంది. ఆ ఆపిల్ మాగ్రిట్ 1964లో గీసిన టోపీ మనిషి ముఖాన్ని దాచేసిందే. అక్కడ దేన్నీ తేల్చి చెప్పని పండు ఇక్కడ బుద్ధిగా దారి మళ్ళిస్తుంది! నిజం చెప్పాలంటే ఈ ఆటలో అధివాస్తవికత (సర్రియలిజం) వేషం వరకే. 1924 నాటి అధివాస్తవికతా మేనిఫెస్టోలో ఫ్రెంచ్ కవి బ్రెతాఁ తర్కం పగ్గాలు వదిలేయమన్నాడు. ఈ ఆట ఎక్కం అంత కచ్చితంగా నడుస్తుంది. దీన్ని లోపమని అనను. కల తర్కాన్ని కూడా వదిలేస్తే బాబ్ ఎప్పటికీ మంచం చేరడు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ మంచమే. నిద్ర రమ్మంటే రాదు. రమ్మన్నకొద్దీ దూరం పోతుంది. దీపం ఆర్పగలం, ఫోన్ పక్కన పెట్టగలం, దుప్పటి సర్దుకోగలం; ఆ తర్వాతది మన చేతిలో లేదు. కోపం, కోరిక, అలవాటు కూడా అంతే. ఆజ్ఞకి లొంగవు, దారిలో ఏదైనా పెడితే కాస్త పక్కకి తిరుగుతాయి. కాపలాదారుకి బాబ్ ముఖమే పెట్టినవాళ్ళకి ఈ సంగతి బాగానే తెలిసుండాలి. మనం నడిపించలేని ఆ మనిషి పరాయివాడు కాదు.

ఆట పెద్దదేమీ కాదు, కొన్ని గంటల్లో అయిపోతుంది. పడుకునే ముందు మాత్రం మొదలుపెట్టకండి.