పొత్తు – పోటీ – వకీలు ధర్మము

ఐకమత్యము మన రాజపాళయమువారికి ఉగ్గుపాలతో అబ్బిన గుణము. తెలుగుసీమను విడిచి శతాబ్దముల క్రిందట ఈ దక్షిణదేశమున నిలిచిన మన కుటుంబములు, చావడిలో పెద్దలు కూర్చుండి చెప్పిన మాటకు కట్టుబడి, భాషను, ఆచారమును కాపాడుకొన్నవి. అట్టి యూరిలో పుట్టి, పోటీచట్టమునకును వ్యాపారమునకును చెందిన వ్యాజ్యములను వృత్తిగా గైకొన్న యువ న్యాయవాదికి తొలినాడే ఒక ధర్మసందేహము ఎదురగును. ఇంట పుణ్యమని నేర్చిన పొత్తు అంగడిలో నేరమెట్లయ్యెను?

2002వ సంవత్సరపు పోటీచట్టము, ఒకే సరకు అమ్మువారు ధరను కూడబలుకుకొని నిర్ణయింపరాదని శాసించుచున్నది. మన ప్రక్కనే యున్న ఛత్రపట్టిలో గాయములకు కట్టు గుడ్డ నేయుదురు. అట్టి గుడ్డ నేయువారు కలసి బడి కట్టించినచో అది పొత్తు. వారే ఫలానా ధరకు తగ్గి అమ్మరాదని చాటున ఒట్టు పెట్టుకొన్నారనుకొందము. ఆ భారము ఎక్కడో ఆసుపత్రి మంచముపైనున్న రోగిపై పడును. అతడు ఆ కూటమిలో లేడు. లేనివాని సొమ్ముపై ఉన్నవారు చేసికొన్న ఒప్పందము ఐకమత్యము కానేరదు.

అట్లయిన, నిందితుల పక్షమున వాదించుట అధర్మమా? సిమెంటు వ్యాజ్యమును చూడుడు. 2012 జూనులో కాంపిటీషన్ కమిషన్, ధరల విషయమున కుమ్మక్కైరని 11 కంపెనీలకు 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. మన యూరివారి మద్రాసు సిమెంట్సు వానిలో నొకటి. వాదములు వినని అధ్యక్షుడు తీర్పుపై సంతకము చేసెనను కారణమున 2015 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునలు దానిని కొట్టివైచినది. కమిషన్ మరల విచారించి 2016లో తిరిగి జరిమానా వేసినది. 2018లో అప్పీలు వీగిపోగా, కంపెనీలు సుప్రీంకోర్టు మెట్లెక్కినవి. ఆ న్యాయస్థానము అదే యేట వారి అప్పీళ్లను విచారణకు స్వీకరించినది.

వ్యాజ్యపు ఫలమెట్లున్నను, వినినవాడే తీర్పు చెప్పవలెనను నియమమును నిలిపినది నిందితుల వకీళ్లే. ఆ నియమము రేపు బీద నేతగానికిని అండయగును. కావున ఎవరి పక్షమున నిలిచెనన్నది కాదు, ఎట్లు నిలిచెనన్నదే వకీలునకు గీటురాయి. ధరలొకటైనంతమాత్రమున కుమ్మక్కు కాదని, బొగ్గు ఖర్చు, కిరాయి ఖర్చు చూపి అతడు వాదింపవచ్చును. కాగితము దాచుటకు తోడ్పడరాదు. పట్టుబడకుండ మరల ఒట్టు పెట్టుకొను ఉపాయము నేర్పరాదు.

మనవంటి చిన్న సంఘమున ఈ పరీక్ష మరింత కఠినము. కక్షిదారు మేనమామయే కావచ్చును. చదువుకు ఫీజు కట్టినవాడును అతడే కావచ్చును. కోర్టులో మామ పక్షమున వాదించుట తప్పు గాదు. తలుపు మూసిన గదిలో “మామా, ఇది తప్పు” అని చెప్పజాలనివాడు మంచి వకీలును గాడు, మంచి మేనల్లుడును గాడు.