కందకంలో మనిషి, మొదటి శీలం



పోయినేడు ఆషాఢ పౌర్ణమి నాడు మా వాడలో సమావేశం పెట్టుకున్నాం. ముప్పై మంది దాకా వచ్చారు. త్రిశరణాలు అయ్యాయి, పంచశీల అయింది. మొదటి శీలం గురించి నేను మాట్లాడుతుంటే వెనక వరసలో కూర్చున్న ఒకాయన చెయ్యెత్తాడు. పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేసి పింఛనుతో ఇంటికొచ్చిన మనిషి. అందరం ఆయన్ని మిలట్రీ అన్న అంటాం.

"తమ్ముడూ, ప్రాణం తియ్యనని అందరితో చెప్పించావు. నేనూ చెప్పాను. కానీ నేను కొండ మీద మోర్చాలో రెండు చలికాలాలు తుపాకీ పట్టుకుని ఉన్నాను. కాల్చమన్నప్పుడు కాల్చాను. అవతల ఎవరికి తగిలిందో నాకు తెలవదు. మరి నేను ఈ శీలం తీసుకోవచ్చా? లేక ఇది కూడా అబద్ధం చెప్పినట్టే అవుద్దా?"

నేను తడుముకోకుండా అంగులిమాలుడి కథ అందుకున్నాను. అంతమందిని చంపినవాడే మారాడు, నీదెంత అన్నా, అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. "నేను దారి కాచి చంపినోణ్ణి కాదు తమ్ముడూ. ఇంట్లో గడవక భర్తీకి పోయినోణ్ణి" అని లేచి వెళ్ళిపోయాడు.

తప్పు నాదే. సైనికుడి బతుకేమిటో తెలియకుండా సైనికుడికి శీలం చెప్పబోయాను. ఆ తర్వాత కందకాల గురించి దొరికినవన్నీ చదువుతూ వచ్చాను. మొదటి ప్రపంచ యుద్ధం గురించి ఎక్కువగా చదివాను. కందకంలో రోజులు ఎలా గడిచేవో ఉత్తరాల్లో, డైరీల్లో ఎంతో వివరంగా మిగిలిపోయిన యుద్ధం అది. మన దేశపు బిడ్డలు కూడా ఆ బురదలో ఉన్నారు.

కందకంలో ఒక రోజు

1914 చివరికి ఫ్రాన్స్, బెల్జియం నేలల మీద, ఉత్తర సముద్రం నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా, సుమారు 700 కిలోమీటర్ల పొడవునా రెండు పక్షాలూ కందకాలు తవ్వుకుని ఎదురెదురుగా కూర్చున్నాయి. మధ్యలో ఎవరిదీ కాని నేల. కొన్నిచోట్ల అది వంద గజాలు కూడా లేదు. లాహోర్, మీరట్ డివిజన్ల భారతీయ సైనికులు ఆ ఏడాది అక్టోబరులో ఆ వరసలోకి చేరారు. చాలామంది ఒంటి మీద ఎండ దేశాలకు కుట్టిన పల్చటి ఖాకీ బట్టలే. ముందు మాత్రం యూరప్ చలికాలం.

యుద్ధం అనగానే మనకు సినిమాలో పరిగెత్తే మనిషి గుర్తొస్తాడు. కందకంలో మనిషి పరిగెత్తేది ఎప్పుడో. ఎక్కువ భాగం అతని పని కాచుకుని కూర్చోవడం.

తెల్లవారక ముందే అందర్నీ లేపుతారు. తుపాకీకి బాయినెట్ తగిలించుకుని గోడకు ఆనుకుని నిలబడాలి. దాడి జరిగితే ఆ మసక వెలుతురులోనే జరుగుతుందని భయం. వెలుగు వచ్చాక తుపాకీలు తుడవడం, తనిఖీ, ఆ తర్వాత తిండి. పగలు తల పైకెత్తితే అవతల గురిచూసి కూర్చున్నవాడు కాలుస్తాడు. అందుకని పగలంతా వంగి నడవడం, దొరికినంతసేపు కునుకు తీయడం, వంతుల వారీగా కాపలా. సాయంత్రం మళ్ళీ అందరూ నిలబడాలి. అసలు పని చీకటి పడ్డాకే. కూలిన గోడకు ఇసుక బస్తాలు పేర్చాలి, ముళ్ళకంచె బాగుచేయాలి, తిండీ నీళ్ళూ వెనక నుంచి భుజాల మీద మోసుకురావాలి, చచ్చినవాళ్ళను పూడ్చాలి. చూస్తే ఇదంతా కూలి పని. మన ఇళ్ళలో వాళ్ళు చెరువు మట్టి తవ్విన పని లాంటిదే. తవ్వేవాడి మీద గుండ్లు పడుతుంటాయి, అదొక్కటే తేడా.

దానికి తోడు నీళ్ళు. ఆ ప్రాంతం పల్లపు నేల. తవ్వితే నీరు ఊరుతుంది, పైనుంచి వాన. మోకాళ్ళ దాకా బురదలో గంటల తరబడి నిలబడితే కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, కుళ్ళిపోయేవి. వేళ్ళు తీసేయాల్సి వచ్చినవాళ్ళున్నారు. బట్టల కుట్లలో చీరపేలు. కొవ్వొత్తి మంట కుట్ల వెంబడి పోనిచ్చి వాటిని కాల్చేవాళ్ళు. ఈపులు మిగిలిపోయేవి, ఒంటి వేడికి మళ్ళీ పుట్టేవి. శవాలు తిని బలిసిన ఎలుకలు నిద్రపోతున్న మనిషి మీద నుంచి పాకేవి.

మన సైనికుల ఉత్తరాలను ప్రభుత్వం విప్పి చదివేది. అందుకని కొందరు గూఢంగా రాసేవాళ్ళు. నల్ల మిరియాలు అంటే మనవాళ్ళు, ఎర్ర మిరపకాయలు అంటే తెల్లవాళ్ళు. నల్లవి చాలా ఖర్చయిపోతున్నాయి అని రాస్తే ఇంటి దగ్గరవాళ్ళు అర్థం చేసుకోవాలి, ఇంకెవర్నీ పంపొద్దని. 1915 మార్చి 10 నుంచి 13 దాకా న్యూవ్ షాపెల్ అనే ఊరి దగ్గర జరిగిన పోరులో దాడికి దిగిన బలగంలో దాదాపు సగం భారతీయులే. ఆ ఊళ్ళో 1927లో కట్టిన స్మారకం మీద, ఫ్రాన్స్, బెల్జియంలలో చనిపోయి సమాధి కూడా లేని 4,700 మందికి పైగా మనవాళ్ళ పేర్లు చెక్కారు.

నూనె రాసిన చేతులు

ఇదంతా దుక్ఖమే. కానీ నేను ఆగిపోయింది ఇంకో చిన్న విషయం దగ్గర. కాళ్ళు కుళ్ళకుండా ఉండటానికి సైన్యం ఒక పద్ధతి పెట్టింది. బూట్లు విప్పి, కాళ్ళు తుడుచుకుని, తిమింగలం నూనె రుద్దుకుని, పొడి మేజోళ్ళు వేసుకోవాలి. తనకు తాను చేసుకోవడం మరిచిపోతారని ఇద్దరిద్దర్ని జతచేసేవాళ్ళు. ఒకడి కాళ్ళకు ఇంకొకడు నూనె రాయాలి.

విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడూ ఆనందుడూ కలిసి కడిగి పడుకోబెట్టిన సంగతి మీకు తెలుసు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలని భగవానుడు అప్పుడే చెప్పాడు. కందకంలో బురద కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తున్న ఆ మనిషి దీన్ని వినలేదు. కానీ చేస్తున్నది అదే. అవే చేతులు రాత్రికి తుపాకీ పట్టుకుంటాయి. మైత్రి, హింస వేరువేరు మనుషుల్లో ఉంటాయని మనం అనుకుంటాం. అవి రెండూ ఒకే జత చేతుల్లో ఉంటాయని కందకం చెబుతోంది.

అవతల కూడా పేలే

ఇంకో సంగతి వినండి. టోనీ ఆష్‌వర్త్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ సైనికుల డైరీలు, ఉత్తరాలు, పటాలాల చరిత్రలు చదివి 1980లో ఒక పుస్తకం రాశాడు. పెద్ద దాడులు లేని చోట్ల రెండు పక్షాల సైనికుల మధ్య మాటల్లేని ఒప్పందాలు పుట్టేవని అందులో చూపించాడు. పొద్దున తిండి వేళకు కాల్చుకునేవాళ్ళు కాదు. ఫిరంగులు రోజూ ఒకే వేళకు, ఒకే చోట పేల్చేవాళ్ళు, అవతలివాళ్ళు పక్కకు తప్పుకునేలా. 1914 క్రిస్మస్ నాడైతే చాలాచోట్ల కందకాలు దాటి వచ్చి చేతులు కలిపారు, చనిపోయినవాళ్ళను పూడ్చుకున్నారు.

ఇది ఎలా వచ్చింది? ఎవరూ వాళ్ళకు ధమ్మోపదేశం చేయలేదు. అవతలివాడూ బురదలోనే ఉన్నాడని, వాడికీ పేలున్నాయని, వాడికీ పొద్దున్నే వేడి నీళ్ళు కావాలని రోజూ చూస్తుంటే వచ్చింది. తన దుక్ఖాన్ని ఎదుటివాడిలో గుర్తుపట్టడం కంటే కరుణకు వేరే మొదలు లేదు.

పై అధికారులకు ఇది నచ్చలేదు. శత్రువుతో స్నేహం చేయొద్దని ఆజ్ఞలు వచ్చాయి. తర్వాత రాత్రి దాడులు తప్పనిసరి చేశారు. అవతలి కందకంలో దూకి మనుషుల్ని చంపాలి, ఖైదీల్ని పట్టుకురావాలి. ఒకసారి అలా చేస్తే అవతలివాడు పగ తీర్చుకోవాలి కదా. మాటల్లేని ఒప్పందాలు అలా పోయాయి.

దీన్ని బట్టి నాకు అర్థమైంది ఒకటే. కందకంలో ద్వేషం దానంతట అది నిలవదు. తిండీ గుండ్లలాగే దాన్ని కూడా వెనక నుంచి రోజూ సరఫరా చేయాలి.

చేతన ఎవరిది?

కర్మ అంటే చేతనే, అంటే సంకల్పమే, అన్నాడు బుద్ధుడు. అయితే కందకంలో సంకల్పం ఎవరిది?

బాబాసాహెబ్ సైనిక కుటుంబంలో, మౌ కంటోన్మెంటులో పుట్టినవాడు. తండ్రి సుబేదారు. సైన్యంలో చేరడం మన జాతులకు తిండి దొరికే దారి, తలెత్తుకునే దారి కూడా అని ఆయనకు తెలుసు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో అహింస గురించి రాస్తూ, చంపాలనే కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు అని ఆయన విడదీశాడు. ఇది మంచి కొలబద్ద. కానీ అవసరమో కాదో కందకంలో మనిషి తేల్చడు. వాడికి ఆజ్ఞ వస్తుంది. తేల్చేవాళ్ళు వెనక ఉంటారు.

అదే గ్రంథంలో రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులు, కోలియులు తలపడబోయిన ఘట్టం ఉంది. సేనాపతి యుద్ధ తీర్మానం పెడితే సిద్ధార్థుడు సభలో నిలబడి వ్యతిరేకించాడు. తప్పు మనవైపూ ఉందేమో ముందు విచారిద్దాం అన్నాడు. ఓట్లలో ఓడిపోయాడు. ఇల్లు విడవడానికైనా సిద్ధపడ్డాడు కానీ మాట మార్చుకోలేదు. గమనించండి, ఆయన సైనికుల్ని తిట్టలేదు. యుద్ధాన్ని తేల్చే చోట, సభలో అడ్డుపడ్డాడు. అశోకుడు కూడా కళింగలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టారని తన శాసనంలో తానే రాయించి, పశ్చాత్తాపం చెప్పుకున్నాడు. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. లెక్క చెప్పాల్సింది ఎవరో ఆయనకు తెలుసు.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. సరిహద్దులో ఏదన్నా జరిగితే చాలు, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, ఫోనులో ఇంకా కొట్టాలి, ఇంకా చంపాలి అని పంపుకుంటాం. నేనూ ఒకసారి పంపాను, దాచుకోను. నా కాళ్ళు బురదలో లేవు, నాకు ఆజ్ఞ లేదు, అవసరం అసలే లేదు. ఉన్నదల్లా కోరిక. చేతనే కర్మ అయితే ఆ రోజు మొదటి శీలం తప్పింది ఎవరు? మోర్చాలో నిలబడ్డ అన్నా, నేనా?

ఏడ్చిన యోధుడు

సంయుత్త నికాయంలో ఒక యోధుడు బుద్ధుడి దగ్గరకు వస్తాడు. యుద్ధంలో పోరాడుతూ చచ్చినవాడు స్వర్గానికి పోతాడని మా గురువులు చెప్పారు, మీరేమంటారు అని అడుగుతాడు. బుద్ధుడు రెండుసార్లు, అడగొద్దు అంటాడు. మూడోసారి చెబుతాడు: వీళ్ళు చావాలి, నశించాలి అనే తలపుతో పోరాడేవాడి మనసు అప్పటికే చెడిపోయింది, ఆ మనసు మంచి గతికి చేర్చదు అని. యోధుడు ఏడుస్తాడు. మీరన్న మాటకు కాదు, ఇన్నాళ్ళు గురువులు నన్ను మోసం చేసినందుకు ఏడుస్తున్నాను అంటాడు.

బుద్ధుడు ఆ మనిషికి తియ్యటి మాట చెప్పలేదు, స్వర్గం ఆశ పెట్టలేదు. అలాగని వెళ్ళగొట్టనూ లేదు. చెబితే నొప్పి కలుగుతుందని తెలిసి రెండుసార్లు ఆగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. తేడా అక్కడుంది.

రెండు నెలల తర్వాత అన్న ఇంటికి వెళ్ళాను. తప్పయింది అన్నా అన్నాను. ఆయన చాలాసేపు చలి గురించే చెప్పాడు. "శత్రువు కంటే చలికి ఎక్కువ భయపడ్డాం. అవతల వాళ్ళ మోర్చాలో పొయ్యి పొగ కనిపించేది. వాళ్ళూ టీ పెట్టుకుంటున్నారని అనుకునేవాళ్ళం" అన్నాడు. నేను కందకాల కథలు చెప్పాను. విన్నాడు. కాసేపటికి, "మరి నా ప్రశ్నకు జవాబేంది?" అన్నాడు.

నాకు తెలిసింది చెప్పాను. నీ చేతిలో ఏ పాపమూ లేదని అనను, ఆ మాట అనే అధికారం నాకు లేదు. కానీ శీలం అంటే ఇదివరకు తప్పు చేయలేదని ఇచ్చే కాయితం కాదు. పాళీలో మనం అనేది సిక్ఖాపదం. నేర్చుకునే మెట్టు. ఈ రోజు నుంచి నేర్చుకుంటాను అనడం. ఆ మాట నువ్వు అంటే అబద్ధం కాదు. పొయ్యి పొగ చూసి టీ అనుకున్న రోజునే నువ్వు మొదలుపెట్టావు.

అన్న ఏమీ అనలేదు. వచ్చే పౌర్ణమికి మాత్రం ముందు వరసలో కూర్చున్నాడు. పాణాతిపాతా అని ఆయన గొంతు ఎత్తినప్పుడు నేను గొంతు తగ్గించాను. ఆ శీలం ఎంత బరువో మా ఇద్దరిలో ఆయనకే ఎక్కువ తెలుసు.

మిత్రులారా, ఈసారి యుద్ధం మాట మీ ఇంట్లో వచ్చినప్పుడు, ఫోను పక్కన పెట్టి ఒక్క నిమిషం శ్వాస చూడండి. ఆ పంపబోయే మాట వెనక ఉన్నది అవసరమా, కోరికా అని అడగండి. మీ వాడలో మిలట్రీ అన్న ఉంటే వెళ్ళి కూర్చోండి. ఉపదేశం చేయొద్దు. వినండి.

భవతు సబ్బ మంగళం.