కలివికోడి అడుగులు, మన అడుగులు

కడప జిల్లాలో సిద్ధవటం, బద్వేలు దారిన పోయేవారికి లంకమల కొండలు కొత్త కాదు. ఆ కొండల కింద పొదల మధ్య తిరిగే ఒక పక్షిని మనవాళ్లు కలివికోడి అంటారు. పగలు దాక్కుని రాత్రి తిరిగే పక్షి అది. శాస్త్రజ్ఞులు దానిని 1848లో గ్రంథస్థం చేశారు. 1900 తరువాత ఎనభై ఏళ్లకు పైగా అది వారి కంట పడలేదు. అంతరించిపోయిందనే లెక్కగట్టారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారు రెడ్డిపల్లె దగ్గర దానిని తిరిగి కనుగొన్నారు. పక్షిని పట్టి చూపినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. పెద్ద చదువులవారికి అందనిది రాత్రి అడవిలో నడిచే మనిషికి అందింది. తరువాత ఆ పక్షి కోసం అక్కడ అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని సైతం మార్చవలసి వచ్చింది.

కనబడని పక్షి నడవడిని తెలుసుకోవడం ఎలా? 2000 తరువాత జెగనాథన్ గారు, ఆయనతోటి పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. పొదల సందుల్లో మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, చదును చేసి వదిలారు. తిరిగి వచ్చి ఆ మట్టి మీద అడుగుజాడలు వెదికారు. చీకటి పడే వేళ టేపులో పట్టిన దాని కూతనే వినిపించి, బదులు వస్తుందేమోనని చెవి ఒగ్గి విన్నారు. అడుగులు పడినచోట, పడనిచోట పొదలను లెక్కబెట్టి, ఆ అంకెలను కంప్యూటరుకు ఇచ్చి ఒక నమూనా కట్టారు. తేలిందేమంటే, హెక్టారుకు, అనగా సుమారు రెండున్నర ఎకరాలకు, రెండు మీటర్లు దాటిన పెద్ద పొదలు 300 నుండి 700 దాకా, చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్నచోట ఆ పక్షి తిరిగే అవకాశం ఎక్కువ. అడవి మరీ దట్టమైనా పనికిరాదు, మరీ బోడి నేలైనా పనికిరాదు.

ఈ లెక్క పక్షికి తెలియదు. తన కాళ్లు ఎక్కడెక్కడ తిరిగాయో మట్టి చెప్పింది గాని, పక్షి చెప్పలేదు. ఇది చదివినప్పుడు నాకొక ప్రశ్న పుట్టింది. మనుషుల అడుగులను గూర్చి కూడా ఇలాగే నమూనా కట్టవచ్చునా? కట్టగలిగితే, ఆ అడుగులకు మనం బాధ్యులమేనా?

జీవుల నడవడికి నమూనాలు కట్టడం చాలాకాలంగా సాగుతున్నది. జొన్నచేల మీద పిట్టల గుంపు ఒక్క శరీరంలా తిరగడం మీరు చూచే ఉంటారు. ఆ గుంపుకు నాయకుడు అక్కరలేదని 1987లో అమెరికాలో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే ఆయన కంప్యూటరు తెర మీద చూపించాడు. ప్రతి పిట్టకూ మూడే నియమాలు ఇచ్చాడు: పక్కవానిని గుద్దుకోవద్దు, పక్కవారు పోయే దిక్కుకే పో, గుంపుకు దూరం కావద్దు. అంతే, తెర మీద గుంపు నిజమైన గుంపులాగే ఎగిరింది. 2007లో బెల్జియం శాస్త్రజ్ఞులు, వారి సహచరులు మరొక అడుగు ముందుకు వేశారు. అగ్గిపెట్టెంత రోబోలకు బొద్దింకల వాసన పూసి, పన్నెండు బొద్దింకల మధ్య నాలుగు రోబోలను వదిలారు. బొద్దింకలు సహజంగా ఎక్కువ చీకటిగా ఉన్న గూటికి పోతాయి. రోబోలను మాత్రం కొంత వెలుతురున్న గూటికి పోయేలా తయారుచేశారు. సగానికి పైగా పరీక్షలలో బొద్దింకలు కూడా ఆ వెలుతురు గూటికే చేరాయి. మిగిలిన పరీక్షలలో రోబోలే బొద్దింకల వెంట చీకటి గూటికి పోయాయి! ఈ రెండవ సంగతిని కూడా గుర్తుంచుకోండి.

పక్షికి, పురుగుకు నమూనా కట్టినవారు మనిషిని విడిచిపెడతారా? 1971లో థామస్ షెల్లింగ్ అనే అమెరికా ఆర్థికశాస్త్రవేత్త మనుషులు వేరు వేరు పేటలుగా ఎలా విడిపోతారో చదరంగపు గళ్ల మీద రెండు రకాల నాణేలతో లెక్క వేశాడు. ఆయనకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. మా విచారణలో డిగ్రీ చదివే కుర్రవాడొకడు ఈ లెక్కను తన ఫోనులో చూపించాడు. నాకు తెర మీద చుక్కలు కదిలితే తలకెక్కదు, చేతితో చేయాలి. అందుచేత ఒక సాయంత్రం వరండాలో కడప బండ మీద సుద్దముక్కతో అరవైనాలుగు గళ్లు గీసి, యువకులను చుట్టూ కూర్చోబెట్టుకున్నాను. నాణేలకు బదులు చింతగింజలు, వేరుశనగ గింజలు. కొన్ని గళ్లు ఖాళీగా వదిలి, మిగిలిన వాటిలో గింజలను కలగలుపుగా పెట్టాం. నియమం ఒక్కటే: ప్రతి గింజ తన చుట్టూ ఉన్నవారిలో మూడోవంతైనా తనవంటివారు ఉంటే చాలునంటుంది, లేకపోతే లేచి మరొక ఖాళీ గడికి పోతుంది. మూడింట రెండు వంతులు ఎదుటి రకమే అయినా దానికి అభ్యంతరం లేదు. ఇంతకన్నా ఉదారమైన గింజ ఎక్కడ దొరుకుతుంది?

అరగంట జరిపాం. మధ్యలో కొన్ని వేరుశనగ గింజలు పిల్లల నోట్లోకి పోయాయి, వాటికి బదులు వేరేవి పెట్టాం. ఆట ముగిసేసరికి చింతగింజలు ఒక మూల, వేరుశనగలు ఒక మూల, నడుమ ఖాళీ. ఒక పిల్లవాడు తల గోక్కుంటూ, "ఏ గింజకూ పగ లేదు గదా ఫాదర్, మళ్లా ఇట్లెందుకు అయింది?" అన్నాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన ఊళ్లలో ఊరు ఒకచోట, ఎస్సీ కాలనీ మరొకచోట ఉండడం గింజలు జరిగినట్లు జరిగినది కాదు. అక్కడే ఉండాలని చెప్పి ఉంచారు. బావి దగ్గరకు రానివ్వలేదు, హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిపారు, ఎదురు తిరిగినవారిని కొట్టారు. ఎవరి తప్పూ లేదు, అంతా లెక్క ప్రకారం జరిగిందని ఈ నమూనాను చూపి ఎవరైనా అంటే నమ్మకండి. అది అబద్ధం. అయితే బలవంతం పోయిన తరువాత కూడా గీత ఎందుకు చెరిగిపోదో ఈ నమూనా చెబుతుంది. మొదట కర్రతో గీసిన గీతను తరువాత అలవాటే కాపాడుతుంది. కర్ర పట్టుకున్నవాడు చనిపోయి ఏళ్లు గడచినా, గీత అలాగే నిలుస్తుంది.

ఈ సంగతి నాకు పుస్తకంలో కాదు, దేవాలయంలోనే తెలిసింది. మోకాళ్ల నొప్పితో ఒక ఆదివారం నేను పూజ చేయలేక, మరొక గురువు వచ్చి చేస్తుండగా వెనుక కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్లూ పీఠం దగ్గర నిలబడి చూచినవాడిని. అక్కడినుండి చూస్తే అందరి ముఖాలూ నావైపే ఉంటాయి, అందరూ ఒకటిగానే కనబడతారు. ఆనాడు మొదటిసారి వెనుకనుండి చూచాను. మగవారు ఒకవైపు, ఆడవారు ఒకవైపు కూర్చోవడం మనకున్న ఆచారమే. ఆ రెండు వైపులలోనూ అడ్డంగా మరొక గీత కనబడింది. ఊరివారు ముందు, కాలనీవారు పక్కతలుపు నుండి వచ్చి వెనుక. పూజ తరువాత మా ఉపదేశిని అడిగాను. "ఎవురూ చెప్పలేదు సామీ. మొదటినుంచీ అట్లే కూర్చుంటాండాము" అన్నాడు. ఆ సాయంత్రం సమాధుల తోటకు పోయి చూస్తే అక్కడా రెండు వరుసలే. బ్రతికినవారు లేచి మరొక చోటికి పోగలరు. చనిపోయినవారిని మనం ఎక్కడ పెడితే అక్కడే ఉంటారు.

కోపం వచ్చి, వచ్చే ఆదివారం గట్టి ప్రసంగం చేయాలని కూర్చున్నాను. రాయబోయేముందు కలివికోడి గుర్తుకు వచ్చింది. నా అడుగులు ఎక్కడ పడుతున్నాయో చూద్దామని నా డైరీ తీశాను. మా విచారణలో ఉన్న ఊళ్లకు పూజకు పోయినప్పుడు ఎవరింట భోజనం చేశానో, ఎవరింట టీ తాగానో అందులో ఉంటుంది. చూస్తే, ప్రతి ఊళ్లోనూ అవే రెండు మూడు ఇళ్లు, దాదాపు అన్నీ ఒక వైపువే. ఎందుకు? వాళ్లింట ఫ్యాను ఉంది. కుర్చీ ఉంది. బండి నిలుపుకోను నీడ ఉంది. పేదవారికి భారం కాకూడదనుకున్నాను. ఒక్కొక్క కారణం విడిగా చూస్తే మంచిదే, పాపసంకీర్తనంలో చెప్పుకోవలసినది ఏదీ కాదు. అన్నీ కలిపి చూస్తే నేనూ ఆ గళ్లలో ఒక గింజనే. గీత చెరపవలసిన గురువే గీతను దిద్దుతూ ఉన్నాడు. ఆ ప్రసంగం రాయలేదు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత అక్వినాసు తోమాసుగారి వద్ద ఒక భేదం నేర్చుకున్నాం. మనిషిలో జరిగే పని వేరు, మనిషి మనిషిగా చేసే పని వేరు. ఏదో ఆలోచిస్తూ గడ్డం నిమురుకోవడం, కాలు కదపడం మొదటి రకం. తెలిసి, ఎంచుకుని చేసేది రెండవ రకం. మంచిచెడ్డల లెక్క ఈ రెండవదానికే. కనుక అలవాటుగా కూర్చున్న చోటుకు మనం బాధ్యులం కామని తప్పించుకోవచ్చునా? ఆ పునీతుడే మరొక మాట కూడా చెప్పాడు. ఓడ నడపవలసినవాడు చుక్కాని విడిచి ఊరకుండగా ఓడ మునిగితే, ఏమీ చేయలేదు గదా అని అతనిని విడిచిపెట్టం. చేయగలిగి, చేయవలసి ఉండి చేయకపోవడం కూడా అతని పనే.

ఇక్కడే మనిషికీ గింజకూ తేడా తెలుస్తుంది. గింజకు తన చుట్టూ ఉన్న గళ్లే ఎరుక, బండ మొత్తం కనబడదు. బొద్దింకకు తన పక్కనున్నది రోబో అని తెలియదు. కలివికోడి వెనక్కి తిరిగి తన అడుగుజాడలు చదువుకోదు. మనిషి మాత్రం లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి, బండ మొత్తాన్ని చూడగలడు. చూచిన క్షణం వరకు అది అతనిలో జరిగిన పని. చూచిన తరువాత కూడా అక్కడే కూర్చుంటే అది అతను చేసిన పని. కనుక నమూనా మనకు క్షమాపణ పత్రం కాదు, నోటీసు. తెలియనంతవరకు ఉన్న సాకును అది తీసివేస్తుంది. 2025 జనవరిలో పరిశుద్ధ పీఠం కృత్రిమ మేధను గూర్చి "ఆంతీక్వా ఎత్ నోవా" అనే పత్రం వెలువరించింది. యంత్రాలు ఎంత నేర్చినా నైతిక బాధ్యత మనిషిదేనని అది స్పష్టం చేసింది. లెక్క వేయడం యంత్రానికి అప్పగించవచ్చు. సిగ్గుపడడం, మారడం దానికి అప్పగించలేము.

మన పెద్దలు ఈ విషయంలో మాట్లాడలేదని అనలేము. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతులు దళితుల సాధికారతకై ఒక విధాన పత్రం వెలువరించి, శ్రీసభలో సైతం వివక్ష ఉన్నదని ఒప్పుకున్నారు. కర్నూలు మేత్రాణులుగా 2008 నుండి 2020 వరకు సేవచేసిన పూల ఆంతోని గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితులలో నుండి ఆ స్థానానికి చేరిన మొదటివారు, మన రాయలసీమ బిడ్డ. మనమంతా సంతోషించాం. ఆ సంతోషం నిజమే. అయితే ఆ ఆదివారం మనం ఎవరి పక్కన కూర్చుని సంతోషించాం?

మా విచారణలో ఏమి చేశామో కూడా చెబుతాను. ప్రకటన చేయలేదు, ఎవరినీ లేపలేదు. మరియదళంలోని నాలుగు కుటుంబాలతో మాట్లాడాను. ఊరివారు రెండు కుటుంబాలు పోయి వెనుక చాపల మీద కూర్చున్నారు, కాలనీవారు రెండు కుటుంబాలు ముందుకు వచ్చారు. మొదటి ఆదివారం కొందరు చూపులు తిప్పుకున్నారు. ఒక కుటుంబం రెండు వారాలు పూజకే రాలేదు. వారింటికి పోయి మాట్లాడాను, తిరిగి వచ్చారు. మనసు మారిందో లేదో దేవునికి ఎరుక. ముందుకు వచ్చిన ఒక అవ్వ మాత్రం మరి వెనక్కి పోలేదు. ఎలా ఉంది అవ్వా అని అడిగితే, "ఈడ ఫ్యాను గాలి బాగొస్తాది సామీ" అన్నది. ఆమెకూ నాకూ కారణం ఒకటే! ఆ గాలి ఇన్నేళ్లూ ఎవరికి తగిలిందనేదే తేడా. గీత పూర్తిగా పోయిందని చెప్పను. రోబోలు కూడా కొన్నిసార్లు చీకటి గూటికే పోయాయి గదా. మేమూ ఒకటి రెండు వారాలు పాత చోట్లకే జారిపోయాం, మళ్లీ లేచాం. సమాధుల తోట సంగతి ఇంకా మిగిలే ఉంది.

నేను ఇప్పుడు ఊళ్లకు పోయేముందు డైరీ చూచుకుని, పోయినసారి పోని ఇంటికి పోతున్నాను. కొన్ని ఇళ్లలో కుర్చీ లేదు, మోకాలు మొరాయిస్తుంది, అయినా మంచం మీద కూర్చుంటాను. ప్రియ పాఠకులారా, మీరు కూడా మీ గడప ముందు ఒక మట్టి పట్టీ పరచినట్లు ఊహించుకోండి. ఈ సంవత్సరం మీ ఇంటికి వచ్చిన అడుగులెవరివి? మీరు పోయిన ఇళ్లెవరివి? పెండ్లికి ఎవరిని పిలిచారు, ఏ పంక్తిలో కూర్చోబెట్టారు? ఈ రాత్రి ఆత్మశోధన చేసుకునేటప్పుడు చేసిన పాపాలతోపాటు నడవని దారులను కూడా లెక్కబెట్టండి. చదివిన తరువాత లేచి నడిచే శక్తిని ప్రభువు మనకు అనుగ్రహించును గాక.