ముందు అడుగు ఎవరిది?

"మాస్టారూ, ఆ కొండ మీరే ఎక్కారా?" అని తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు. "ఎక్కాను" అన్నాను. అని ఊరుకున్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గంగోత్రి నుంచి గోముఖ్ దాకా కాలిబాట ఉంది. గోముఖ్ దాటాక బాట లేదు, హిమానీనదమే. దాదాపు 30 కిలోమీటర్ల పొడవు. మేం దాన్ని అడ్డంగా దాటి అవతల తపోవనం ఎక్కాలి. తెల్లటి మంచు ఉంటుందనుకున్నాను. కనిపించినవి రాళ్ల గుట్టలు, బూడిదరంగు మట్టి. మంచు వాటి అడుగున ఉంది. అక్కడక్కడా పగుళ్లు, లోపల నీళ్లు పారే చప్పుడు. గట్టిగా ఉందనుకున్న రాయి కాలు పెట్టగానే జారుతుంది.

గైడు అందరికంటే ముందు పోతున్నాడు. నా ముందు నడిచింది మాత్రం నా సామాను మోసే నేపాలీ కుర్రాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. వీపున బరువు, నుదుటికి పట్టీ. కర్రతో పొడిచి చూస్తాడు, కాలు మోపుతాడు, వెనక్కి తిరిగి "రండి సార్" అంటాడు. అతను కాలు తీసిన చోట నేను కాలు పెట్టాను. అంతే నేను చేసింది.

నిట్టనిలువు మట్టిగట్టు ఎక్కితే తపోవనం. సుమారు 4,400 మీటర్ల ఎత్తులో పచ్చిక, సన్నని వాగులు, ఎదురుగా 6,543 మీటర్ల శివలింగ్ శిఖరం. నాకు మాట రాలేదు. కుర్రాడు శిఖరానికి వీపు పెట్టి స్టవ్ వెలిగిస్తున్నాడు.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. అడవి ఆఫీసర్ల పెట్టెలు కావడి కట్టి మన్యం కొండలెక్కించినవాడు. దారి తాతది, పుస్తకంలో పేరు దొరలది. ఇన్నాళ్లూ ఆ కథ తాత వైపు నుంచే చెప్పాను. తపోవనంలో నేను దొర వైపున ఉన్నాను.

కూలి ఇచ్చాం కదా అంటారు. ఇచ్చాం, ఇవ్వాలి కూడా. 1922లో మన్యం తిరగబడటానికి గూడెం రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టడం ఒక కారణం. వెట్టికీ కూలికీ ఉన్న తేడా మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ కూలి కట్టింది బరువుకు. పగులు మీద ముందు కాలు మోపినందుకు ఎంత కట్టాలి? ఆ లెక్క నాకు తేలలేదు.

మా తరగతి గోడ మీద మాలావత్ పూర్ణ బొమ్మ ఉంది. 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మన గిరిజన పిల్ల. ఆ కొండ మీద తాళ్లు కట్టేది, బరువులు మోసేది షెర్పాలు, టిబెటన్లు. వాళ్ల గురించి చెప్తే పూర్ణ తక్కువవుతుందేమోనని ఇన్నేళ్లు చెప్పలేదు. అది నా పిరికితనం. ఆమె ఎక్కిన ఎత్తు ఎక్కడికీ పోదు.

మర్నాడు ఆ పిల్లవాణ్ణి పిలిచాను. "ఎక్కానురా, ఒకాయన అడుగుల్లో అడుగేసుకుంటూ" అన్నాను.

"ఆయన పేరేంటి మాస్టారూ?" అన్నాడు వెంటనే.

నేను దిగి వచ్చే రోజు దాకా అడగని పేరు అది. వాడికి చెప్పాను. ఇక్కడ రాయడం లేదు. రాయొచ్చా అని అతన్ని అడగడం కూడా మరిచాను.